మ్రొక్కుబడియుఁ గృపయు: క్రైస్తవభక్తియందు బేరమునకుఁ గల తావు

మేడ్చలు, శామీరుపేట యను నూళ్లు హైదరాబాదు నగరమున కుత్తరమున నున్నవి. మొదటిది నాగపురమునకుఁ బోవు రాజమార్గముమీఁదను, రెండవది కరీంనగరమునకుఁ బోవు మార్గముమీఁదను గలవు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదినుండి యీ ప్రాంతము మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోఁ జేరినది. నగరము నానాఁటికిఁ బెరుగుటచేతను, 158 కిలోమీటర్ల వలయమార్గ మీ యూళ్ల చెంతనే పోవుచుండుటచేతను నిచ్చటి భూములు చేతులు మాఱుట నిత్యకృత్యమైనది. అందుచే నిచ్చటివారికి, అక్షరము రానివారికిఁ గూడ, రెండు పత్రముల భేదము చక్కఁగాఁ దెలియును. ఒకటి క్రయపత్రము, రెండవది దానపత్రము. మొదటిదానియందు వెల యుండును. రెండవదానియందు వెల యుండదు. రెంటివలనను భూమి యొకని చేతినుండి వేఱొకని చేతికిఁ బోవును గాని, యిచ్చువానికిని బుచ్చుకొనువానికిని నేర్పడు సంబంధము మాత్ర మొకటి గాదు.

మనుష్యుఁడు దేవునివలన మేలు పొందుట క్రయపత్రమువంటిదా, దానపత్రమువంటిదా యనునదియే యీ వ్యాసమున విచారింపఁబడు ప్రశ్నము. క్రైస్తవులు దీనినే కృప, సత్క్రియ యను మాటలతోఁ జర్చింతురు. ఇది మతవాదులకుఁ జెందిన విషయము గదా, భాషాపరిశోధకులకు దీనితోఁ బనియేమి యని కొంద ఱడుగవచ్చును. పని గలదు. కృప, నీతి, నిబంధన, మ్రొక్కుబడి, ప్రతిఫలము అనునవి క్రైస్తవులు క్రొత్తగాఁ గల్పించుకొన్న మాటలు గావు. మన కావ్యములనుండియు, మన కచేరీలనుండియు, మన గుడులనుండియు వారు గొనిపోయిన మాటలవి. ఆ మాటల వెంట మన తలంపులును బోయినవి. పోయినపిదప నవి యెట్లు మాఱెనో, మాఱక యెచ్చట నిలిచెనో పరిశీలించుట భాషాపండితులకుఁ దగిన పనియే.

మ్రొక్కుబడి యను మాట

మొదట మ్రొక్కును గూర్చి విచారింతము. తెలంగాణమునఁ జెఱువుకట్టలయందు మైసమ్మ కొలువుండుట సామాన్యము. కార్యము నెఱవేఱిన బోనము తెచ్చెదమనియు, మేఁకపోతు నిచ్చెదమనియు మ్రొక్కుకొనుట యిచ్చట వాడుక. పసుపుగుడ్డలో నాణెమును గట్టి దేవునిపేరఁ దీసి యుంచినదానిని ముడుపందురు. మేడారపు జాతరలో సమ్మక్కకు నిలువెత్తు బంగార మర్పించుట గలదు. అచ్చట బంగార మనఁగా బెల్లము. హైదరాబాదునకుఁ బడమరనున్న చిలుకూరి బాలాజీ కోవెలలోఁ గోరిక కోరుకొనునపుడు 11 ప్రదక్షిణములును, నెఱవేఱిన తరువాత 108 ప్రదక్షిణములును జేయుట యాచారము. వీనియందెల్ల ముందు కోరిక, నడుమ ఫలము, తుదకుఁ జెల్లింపు అను మూఁడు మెట్లు స్పష్టముగాఁ గానవచ్చును.

చెల్లించు అను క్రియను గమనింపవలెను. అప్పు చెల్లింతుము, పన్ను చెల్లింతుము, మ్రొక్కును జెల్లింతుము. మ్రొక్కుబడి యను శబ్దమందలి తుదిభాగమును గమనింపవలెను. రాబడి, దిగుబడి, పెట్టుబడి, మ్రొక్కుబడి యని వరుసగాఁ జదివినచో నీ మాట యే యంగడివీథిలోఁ దిరుగుచున్నదో చెప్పక తెలియును. వ్యాకరణదృష్టిచేఁ జూచినను మ్రొక్కునకు జీవము చేదర్థకమే. "ఇది యిచ్చినచో నది చేసెదను" అను వాక్యమునందు "ఇచ్చినచో" అను పదమును దీసివేసినయెడల మ్రొక్కు మిగులదు.

క్రైస్తవులయందీ యాచారము లేదని యెవ్వరును దలఁపఁగూడదు. విజయవాడయొద్ద గుణదలలో నేఁటేఁట ఫిబ్రవరి మాసమున జరుగు మేరిమాత యుత్సవమున వేలకొలఁది జనులు తలనీలము లిత్తురు, టెంకాయలు గొట్టుదురు. మేడ్చలు మీఁదుగాఁ బోయి చేరఁదగిన మెదకు మహాదేవాలయమునకును బలు మతములవారు మ్రొక్కులతో వత్తురు. తెలుఁగు బైబిలులోఁ గూడ హీబ్రూ భాషయందలి నేదెర్ అను పదమునకు మ్రొక్కుబడి యనియే తెనిఁగింపు. కావున వేదపండితుఁడు మొదలు కూలివాని వఱకు నెవ్వఁడు చదివినను, తన యూరి గుడిలోఁ దానెఱిఁగిన యాచారమే యా గ్రంథమునందును గలదని గ్రహించును. ఆ గ్రహణము తప్పుగాదు. కాని యా గ్రంథ మా యాచారము నెట్లు నడపినదో తుదివఱకుఁ జూడవలెను.

ముగ్గురు మ్రొక్కినవారు

బైబిలునందు మ్రొక్కుబళ్లలో మూఁడు ప్రసిద్ధములు. మొదటిది యాకోబు మ్రొక్కు. అన్నను వంచించి యిల్లు విడిచి పాఱిపోవుచు నతఁడు బేతేలనుచోట రాతిపై దలయుంచి నిద్రించెను. దేవుఁడు తోడుండి త్రోవలోఁ గాపాడి కూడును గుడ్డయు నిచ్చి క్షేమముగా నింటికిఁ జేర్చినయెడల నతఁడే తన దేవుఁడగుననియు, వచ్చినదానిలోఁ బదియవపాలిత్తుననియు నతఁడు మ్రొక్కెను. ఇది ఆదికాండము 28వ యధ్యాయమున 20వ వచనము మొదలుకొని యున్నది. బేరమునకింతకంటె మంచి లక్ష్యము దొరకదు. కాని యదే యధ్యాయమున 13వ వచనము మొదలు 15వ వచనమువఱకుఁ జదివినచో నొక వింత బయలుపడును. యాకోబు నోరు తెఱవకమునుపే, స్వప్నమునందు, తోడుందుననియుఁ గాపాడుదుననియు మరలఁ దీసికొని వత్తుననియు దేవుఁడు చెప్పియే యున్నాఁడు. ఆ మాటలలోఁ జేదర్థకము లేదు. అనఁగా ఊరక యిచ్చెదనన్నదానికి యాకోబు వెల నిర్ణయించినాఁడు. దానపత్రము చేతికిచ్చినవానితోఁ గ్రయపత్రపు మాటలాడినాఁడు.

రెండవది యెఫ్తా మ్రొక్కు. న్యాయాధిపతుల గ్రంథము 11వ యధ్యాయములో నతఁడు జయము కలిగినచోఁ దన యింటినుండి తన్నెదుర్కొన వచ్చుదానిని దహనబలిగా నర్పింతునని మ్రొక్కెను. జయించి తిరిగిరాఁగా నొక్కతెయే కూఁతురు నాట్యమాడుచు నెదురువచ్చెను. ఇచ్చటఁ గూడ మ్రొక్కు 30వ వచనమున నున్నది. దేవుని యాత్మ యతనిమీఁదికి వచ్చెనను మాట 29వ వచనమున నున్నది. జయమునకుఁ గావలసిన బల మప్పటికే యీయఁబడినది. అక్కఱలేని బేరము కూఁతురిని గొనిపోయినది. గ్రంథకర్త యిచ్చట నొక్క వ్యాఖ్యయుఁ జేయలేదు. వచనముల వరుసయే వ్యాఖ్య.

మూఁడవది హన్నా మ్రొక్కు. బిడ్డలు లేని యీ సాధ్వి మగబిడ్డ కలిగినచో వానిని జీవితకాలమంతయు దేవునికే యిత్తునని మ్రొక్కి, సమూయేలును గని, పాలు విడిచినపిదప మందిరమున విడిచెను. చూచుటకిదియును బేరమే. కాని యీమె యీయవచ్చినది తనదగు సొత్తు గాదు, పొందఁబోవు వరమునే. పుచ్చుకొన్నదానినే తిరిగి యిచ్చుచోట నమ్మకమెక్కడ, కొనుట యెక్కడ? కావుననే యామె గీతము బిడ్డను విడిచిన దినమున వెలువడినది. ఒకే మ్రొక్కు అను నాచార మొకచోట దుఃఖమునకును, నొకచోట స్తుతికిని దారితీసినది.

యాకోబు కథకుఁ దుదికూడఁ జెప్పవలెను. 20 సంవత్సరములు మామ యింటఁ గొలువు చేసి, మందలతోఁ దిరిగి వచ్చుచు నతఁడు మరలఁ బ్రార్థించెను. 32వ యధ్యాయమునందలి యా ప్రార్థనలో "అయినచో" అను మాట లేదు. చేతికఱ్ఱతో మాత్రమే యొర్దాను దాఁటిపోయిన తాను రెండు గుంపులైతిననియుఁ, జేయఁబడిన యుపకారములలో దేనికినిఁ దానుఁ బాత్రుఁడు గాననియు నతఁడు విన్నవించుకొనెను. బేరగాఁడు భక్తుఁడగుటకు 20 ఏండ్లు పట్టినది.

కృప, తీర్చుట

ఇంకఁ గృప యను మాట. మన కావ్యములయందుఁ గృప యనఁగా దయ. తెలుఁగు బైబిలులో నీ మాట రెండు భిన్నపదములకుఁ బర్యాయమైనది. పాతనిబంధనయందు హీబ్రూ పదమైన హెసెదునకును గృపయే. క్రొత్తనిబంధనయందు గ్రీకు పదమైన ఖారిసునకును గృపయే. హెసెద్ అనఁగా మాటయిచ్చినవాఁడు మాట తప్పక నిలుపుకొను స్నేహము. ఖారిస్ అనఁగా నర్హత విచారింపక యిచ్చు దానము. ఒకదానియందు స్థైర్యము ప్రధానము, వేఱొకదానియందు నిర్మూల్యత్వము ప్రధానము. రెండును గృపయను నొక్క గిన్నెలోఁ బోయఁబడుటచేఁ దెలుఁగు చదువరికి లాభము గలిగినది, నష్టమును గలిగినది. ఇచ్చినవాఁడు విడువఁడనియు, నిచ్చినదానికి వెల యడుగఁడనియు నొక్క మాటలోనే తోఁచుట లాభము. దొరగారి దయవంటిదే యిదియు ననుకొని, వారి మనసు కరఁగించుటకుఁ గానుకలు గావలెనని తలఁచుట నష్టము.

రోమా పత్రిక 4వ యధ్యాయపు 4వ వచనమునఁ దెలుఁగు భాషాంతరకర్తలు ఖారిసునకుఁ గృప యనక దానమనిరి. పనిచేయువానికి వచ్చు జీతము ఋణముక్రింద లెక్కగాని దానముక్రింద లెక్కగాదని యచ్చటి యభిప్రాయము. ఈ మార్పు ప్రశంసనీయము. జీతము, ఋణము, దానము అను మూఁడు లౌకికపదము లొక్కచోటఁ జేరఁగా విషయము పామరునకును విశదమైనది.

అదే పత్రికలోఁ దీర్చు అను క్రియ మిక్కిలి విచారణీయము. దేవుఁడు పాపిని "నీతిమంతుఁడని తీర్చును" అనునది 3వ యధ్యాయపు రీతి. "నీతిమంతునిగాఁ దీర్చును" అనునది 5వ యధ్యాయారంభపు రీతి. తీర్పు తీర్చుట యొకటి, తీర్చి దిద్దుట యొకటి. మొదటిది న్యాయాధిపతి మాట. రెండవది శిల్పి పని. అప్పు తీర్చుట యను మూఁడవ యర్థము నీ క్రియకే కలదు. ఐరోపాలో నూఱులకొలఁది సంవత్సరములు సాగిన వివాదమంతయు "అని" "గా" అను రెండు చిన్న పదముల నడుమ నిమిడియున్నదన్న నతిశయోక్తి గాదు.

ఆ వివాదమును సంక్షేపముగాఁ జెప్పెదను. మనుష్యుఁడు తన ప్రయత్నముచేతనే ధర్మము నెఱవేర్పఁగలఁడని పెలేజియసు బోధింపఁగా, ప్రయత్నించు నిచ్చ కూడఁ గృపవలననే కలుగునని అగస్తీను వాదించెను. 418లో కార్తేజి సభ పెలేజియసు మతమును నిరాకరించినది. 1505 జూలై 2వ తేదిని పిడుగుపాటునకు వెఱచి, బ్రదికించినచో సన్న్యాసినగుదునని పునీత అన్నమ్మకు మ్రొక్కుకొన్న యువకుఁడు మార్టిను లూథరు. ఆ మ్రొక్కు చెల్లించి మఠమునఁ జేరి, యెంత చెల్లించినను దీఱని యప్పుతోఁ దపించి, తుదకుఁ గృప వెలకు దొరకునది గాదని తెలిసికొని, 1517లోఁ బాపపరిహారపత్రముల విక్రయమును ఖండించెను. మ్రొక్కుతో మొదలైన జీవితమే మ్రొక్కు తత్త్వమును బ్రశ్నించుట గమనింపఁదగినది. రోమను కథోలిక సంఘమువారు 1547 జనవరి 13వ తేదిని ట్రెంటు సభయందు, కృపయే మొదటిదనియు, నీతిమంతుఁడగుటకు ముందు చేసిన యే క్రియయు దాని కర్హత గాదనియు నంగీకరించుచునే, నీతి యనునది తీర్పు మాత్రమే గాక లోపలి మార్పుకూడ ననియు, సత్క్రియలచే నది వృద్ధిఁబొందు ననియు నిర్ణయించిరి. ఒకరు "అని" పక్షము, ఒకరు "గా" పక్షము. 1999 అక్టోబరు 31వ తేదిని ఔగ్సుబర్గు నగరమున లూథరను లోకసమాఖ్యయుఁ గథోలిక సంఘమును గృపచేతనే, విశ్వాసముచేతనే మనుష్యుఁడంగీకరింపఁబడుననియు, సత్క్రియలు దాని ఫలములనియు నుమ్మడి ప్రకటనమునఁ జేవ్రాళ్లు చేసిరి. 2006లో మెథడిస్టుల లోకసభయు దానితో నేకీభవించినది. మేడ్చలు శామీరుపేట ప్రాంతము దక్షిణ ఇండియా సంఘపు మెదకు అధ్యక్షమండలమునకుఁ జెందినది. 1947లో నా సంఘ మేర్పడువఱకు నిచ్చట వెస్లియను మెథడిస్టులు పనిచేసిరి. కావున నీ యొడంబడిక యిచ్చటి విశ్వాసులకు దూరపు వార్త గాదు.

న్యాయశాస్త్రదృష్టి

శామీరుపేటలో 1998లో స్థాపింపఁబడిన న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము, నల్సార్ అను పేర నున్నది. అచ్చటి విద్యార్థులు నేర్చుకొను రెండు చట్టములు మన ప్రశ్నమునకు వెలుఁగునిచ్చును. 1872 నాఁటి ఒప్పందముల చట్టము 25వ సెక్షను ప్రకారము ప్రతిఫలము లేని యొప్పందము చెల్లదు. అయినను దగ్గఱి బంధువుల నడుమ సహజమగు ప్రేమచే వ్రాసి రిజిష్టరు చేయఁబడినచోఁ జెల్లును. వ్యవహారమునకుఁ బ్రతిఫలము ప్రాణమైనను, ప్రేమ యున్నచోట నది లేకయే వ్యవహారము నిలుచునని శాసనకర్తలే యొప్పుకొనిరి.

1882 నాఁటి ఆస్తిబదలాయింపు చట్టమున 54వ సెక్షను విక్రయమును నిర్వచించుచు, వెల యిచ్చివేయఁబడినను, నిచ్చెదనని మాట యీయఁబడినను విక్రయమే యని చెప్పినది. మ్రొక్కుబడి యీ రెండవ తెగలోఁ జేరును: వెల వాగ్దానము చేయఁబడిన క్రయము. 122వ సెక్షను దానమును నిర్వచించును. ప్రతిఫలము లేక స్వేచ్ఛగా నిచ్చుట యొకటి, పుచ్చుకొనువాఁ డంగీకరించుట యొకటి, రెండును గావలెను. దాత యిచ్చినను గ్రహీత యంగీకరింపనిచో దానము పూర్తిగాదు. అయినను నంగీకారము వెల గాదు. చేయి చాఁచుట సొమ్ము చెల్లించుట గాదు.

క్రైస్తవులు విశ్వాసమందురే, యది యీ యంగీకారమే. దీని నెఱుఁగనివారి చేతులలో విశ్వాసము తిరిగి వెలగా మాఱును. టెంకాయకు బదులు విశ్వాసము, మేఁకపోతునకు బదులు ప్రార్థన, తలనీలములకు బదులుపవాసము పెట్టి, యంత విశ్వాసమున కింత ఫలమని కొలచినచోఁ బత్రముపైఁ బేరు మాఱినదిగాని వ్యవహారము మాఱలేదు.

సత్క్రియల స్థానము

అట్లయినచో సత్క్రియ లేల? ఉచితముగా దొరకినదానికిఁ గష్టపడ నేల? ఈ యాక్షేపణ ప్రాఁతది. విశ్వాస మొక్కటియే చాలునని పౌలును, క్రియలు లేని విశ్వాసము మృతమని యాకోబు పత్రికయుఁ జెప్పుట విరోధమని పలువురు తలంతురు. పౌలు వ్రాసిన ఎఫెసీయుల పత్రిక 2వ యధ్యాయమును 9వ వచనముతోఁ జాలింపక 10వ వచనముఁ గూడఁ జదివినచో విరోధము తొలఁగును. క్రియలవలనఁ గాదని 9వ వచనము. క్రియలకొఱకని 10వ వచనము. పంచమికిని జతుర్థికిని గల భేదమే యిది. విభక్తుల నెఱిఁగిన మన పాఠశాల పండితుల కీ సమాధానము వేఱుగా వివరింప నక్కఱలేదు.

దృష్టాంతము చెప్పెదను. తండ్రి యొక యింటిని దానపత్రముచేఁ గొడుకున కిచ్చినాఁడు. కొడుకు ప్రతిదినము వాకిలి యూడ్చును, గోడకు సున్నము వేయును, పెరటిలోఁ జెట్లు నాటును. ఇది వెల చెల్లించుటయా? కాదు. అద్దెయా? కాదు. ఇల్లు తనదగుటచేతనే యట్లు చేయుచున్నాఁడు. ఊడ్చుట మానినచో నిల్లు తనదని యతఁడు నమ్మలేదనియో, దాని విలువ యెఱుఁగఁడనియో చూచువారు తలంతురు. యాకోబు పత్రిక చెప్పునదియు నింతియే.

ఈ విచారణ మనకుఁ గ్రొత్త గాదు. శ్రీవైష్ణవులలో మర్కటకిశోరన్యాయము, మార్జాలకిశోరన్యాయము అని రెండు గలవు. కోఁతిపిల్ల తల్లి కడుపును దానే పట్టుకొనవలెను. పిల్లిపిల్లను దల్లియే నోటఁ గఱచుకొని పోవును. వడగలవారు మొదటిదానిని, తెంగలవారు రెండవదానినిఁ జెప్పుదురు. మఱియు సంస్కృత భాగవతము సప్తమస్కంధము 10వ యధ్యాయమునఁ, గోరికతో స్వామిని గొలుచువాఁడు సేవకుఁడు గాఁడు, వర్తకుఁడని ప్రహ్లాదుఁడు నృసింహునితో విన్నవించెను. బేరము భక్తి గాదను మాట యొక మతమువారి సొత్తు గాదనుటకీ ప్రహ్లాదవాక్యము చాలును.

తెలుఁగునాఁటి రెండు పరీక్షలు

మన దేశచరిత్రయం దీ సిద్ధాంత మెట్లు పరీక్షింపఁబడెనో రెండుదాహరణములు చూపెదను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును గఱవు పీడించినపు డొంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనరియైన జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో నొక భాగమును గుత్తకుఁ దీసికొని వేలమందికిఁ గూలి కల్పించెను. ఆ కాలముననే యనేకులు బాప్తిస్మము నడుగ వచ్చిరి. అతఁ డీయలేదు. కూడుకొఱకు మతమును, మతముకొఱకుఁ గూడును ముడివడునేమో యని వెఱచి, సహాయకార్యము ముగియుదాఁక వారి నాపెను. తరువాతనే యంగీకరింపఁగా 1878 జూలై 3వ తేది నొక్కదినముననే గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతమంది వచ్చిరనుటకంటె, రావలదని యాపఁగలిగిన దినములయం దాపుటయే గొప్ప. దేవునితో బేరము తగదనువాఁడు దేవునిపేరఁ బేదలతో బేరమాడఁగూడదు గదా. మెదకు మహాదేవాలయమును గూడఁ గఱవుకాలమున జనులకుఁ బని కల్పించుటకై పాస్నెట్టుదొర కట్టించెనని ప్రసిద్ధి. 1924 డిసెంబరు 25వ తేదిని దానికిఁ బ్రతిష్ఠ జరిగినది. అచ్చటఁ జెమటయోడ్చినవారికి ముట్టినది కూలి. అది వారి హక్కు, దాన మనరాదు. కూలిని గృప యనుట కూలివానికిఁ జేయు నన్యాయము. కృపను గూలి యనుట దాతకుఁ జేయు నన్యాయము.

రెండవది దోర్నకలు మాట. 1912లో నచ్చటి యధ్యక్షుఁడుగా నభిషేకింపఁబడిన వేదనాయకము సామ్యేలు అజరయ్య భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పు. ఆయన మండలమునఁ బేదస్త్రీలు వంటకుఁ గూర్చొనునపు డెసటిలోఁ బోయకమునుపు పిడికెఁడు బియ్యము వేఱుగాఁ దీసి యుంచి, గుడికిఁ దెచ్చువారు. మ్రొక్కునకును దీనికిని భేద మెక్కడ? మ్రొక్కు ఫలము వచ్చినపిదపఁ జెల్లునది, రానిచోఁ జెల్లనిది. పిడికెఁడు బియ్యము పంట చక్కఁగా నున్నను, నుండకున్నను, బొయ్యి వెలిఁగిన దినమెల్ల నిచ్చునది. ఇందుఁ జేదర్థకము లేదు.

అయినను నట్టి కానుకనే తిరిగి బేరముగాఁ జేయు బోధ యిటీవల ప్రబలినది. అమెరికాలో ఓరలు రాబర్ట్సు 1970లోఁ బ్రకటించిన గ్రంథముమూలమునఁ గానుక యొక విత్తనమనియు, నాటినదానికి మించి కోఁత వచ్చుననియు వ్యాపించిన తలంపు మన నగరపు శివారులకును జేరినది. వారు 2 కొరింథీయుల పత్రిక 9వ యధ్యాయముఁ జూపుదురు. అచ్చట విత్తుటను గూర్చి చెప్పఁబడినమాట నిజమే. కాని యా యధ్యాయము యెరూషలేములోని బీదలకొఱకుఁ జేసిన చందాను గూర్చినది. సమృద్ధి కలుగుట యెందులకని 8వ, 11వ వచనములఁ జూచినచో నితరులకు మఱింత యిచ్చుటకని యున్నది. విత్తినవాని గాదె నిండుటకని లేదు.

బేరము చెడినపుడు

ఈ చర్చ యంతయుఁ బండితుల వినోదమునకుఁ గాదు. దీనివలన నొక కుటుంబపు మనశ్శాంతి నిలుచును, లేక పోవును. రోగియైన బిడ్డకొఱకుఁ దల్లి మ్రొక్కుకొన్నదనుకొందము. బిడ్డ బ్రదికినచో మ్రొక్కును జెల్లించి సంతసించును. బ్రదుకనిచో? క్రయపు లెక్క ననుసరించినచో రెండే సమాధానములు. దేవుఁడు మోసగించెను, లేదా వెల చాలలేదు. మొదటిమాట ననుటకు వెఱచి, తల్లి రెండవదానినే తలకెత్తుకొనును. నా యుపవాస మొకదినము తక్కువైనది, నా విశ్వాసము చాలలేదు అని శోకముపై దోషమును గూడ మోయును. ఇరుగుపొరుగులును, నొకప్పుడు బోధకులును నా మాటనే బలపఱతురు. కృపాసిద్ధాంత మీ తల్లికిఁ జెప్పు మాట వేఱు. వెల యడుగఁబడనేలేదు గావున, వెల చాలకపోవుట యనునదియు లేదు. బిడ్డ యేల పోయెనను ప్రశ్నకిది యుత్తరము గాదు. కాని నీవు చంపితివను నభియోగమును మాత్ర మిది కొట్టివేయును.

యోబు గ్రంథము మొదటి యధ్యాయమున సాతాను వేసిన ప్రశ్న యిదియే: యోబు ఊరకయే భక్తుఁడైనాఁడా? చుట్టును గంచెవేసి కాపాడుటచేతఁ గాదా? భక్తి యెల్ల వర్తకమే యని సాతాను మతము. కష్టము వచ్చినచో నది పాపపు వెలయని స్నేహితుల మతము. చూచుటకు విరుద్ధములైనను రెండును క్రయశాస్త్రమే. తుదిని దేవుఁడు సాతానును గెలిపింపలేదు, స్నేహితుల నొప్పుకొనలేదు. వాదించి, యేడ్చి, విడువని యోబునే తన సేవకుఁడనెను.

అడుగుటయే తప్పా యని కొంద ఱనవచ్చును. కాదు. యాచన వేఱు, బేరము వేఱు. సొదొమ పట్టణముకొఱకు అబ్రాహాము 50 మంది నీతిమంతులనుండి 45, 40, 30, 20, 10 వఱకు దింపుచు దేవునితో మాటలాడెను. అంగడిలో బేరమువలెనే యున్నది. కాని యతఁడు తన చేతినుండి యేమియు నిచ్చెదననలేదు. తాను ధూళియు బూడిదయు ననెను. అడిగినదియుఁ దనకొఱకుఁ గాదు. వెల లేని బేరమునకు యాచన యని పేరు. అట్టి చనువు బిడ్డకుఁ దండ్రియొద్దఁ గలదు.

కావున మ్రొక్కుకొన్న పేదరాలిని బరిహసించుట నా యుద్దేశము గాదు. ఆమె మాటలోఁ గృతజ్ఞత గలదు, దేవుఁడు వినునను నమ్మకము గలదు. మార్పవలసినది యొక్క ప్రత్యయమే. "ఇచ్చినచోఁ జేసెదను" అనుటకు మాఱుగా "ఇచ్చితివి కావునఁ జేసెదను" అనినచోఁ జేయుపని యదియే, చెల్లించు కానుకయు నదియే. వర్తకుఁడు మాత్రము భక్తుఁడగును. 116వ కీర్తనలోఁ గీర్తనకారుఁడు తనకుఁ జేయఁబడిన యుపకారములకు బదులేమి చెల్లింతునని తన్నుఁదా నడుగుకొని, రక్షణపాత్రను జేతఁ బుచ్చుకొందునని సమాధానము చెప్పుకొనెను. చెల్లింపనెంచి బయలుదేఱినవాఁడు మరలఁ బుచ్చుకొనుటకే చేయి చాఁచినాఁడు. మ్రొక్కుబడి యను మాట యా పిమ్మటి వచనముననే వచ్చినది. దానపత్రము చేతఁ బట్టుకొన్నవాని మ్రొక్కుబడి యెట్లుండునో యా వచనముల వరుసనుబట్టి విజ్ఞులు విచారింతురు గాక.